ధర్నా చెడకుండా చేయడం ఎలా: జనం, పోలీసులు, మధ్యలో మనం

దాళ్వా (రబీ) ధాన్యం డబ్బులు పడలేదనో, మురుగు డ్రెయిను తవ్వలేదనో, రొయ్యల చెరువుల నీళ్ళు తాగునీటి కాలవలోకి వదిలేస్తున్నారనో మన గోదావరి జిల్లాల్లో ఎప్పుడూ ఎక్కడో ఒక సెంటర్లో షామియానా లేస్తూనే ఉంటుంది. కుర్చీలు మోయడం దగ్గర్నుంచి మైకు పట్టుకోవడం దాకా ఇందులో అన్ని పనులూ చేసినవాణ్ణి కాబట్టి ఒకమాట చెప్తా. ధర్నా పెట్టడం పెద్ద పనేం కాదు, అనుకున్నట్టు మొదలై అనుకున్నట్టు ముగియడమే అసలు పని. ఈమధ్య కుర్రాళ్ళు వాట్సాప్ గ్రూపులో ఒక పోస్టరు వేసేసి, వచ్చే జనం ఎంతమందో ఎటు వెళ్తారో ఎవరికీ తెలియకుండా దిగిపోతున్నారు, అందుకే ఇది రాస్తున్నా.

ముందుగా బుర్రలోంచి తీసేయాల్సిన మాట ఒకటుంది. గుంపులో గోవిందా. మనిషి ఒక్కడుంటే మర్యాదస్తుడు, పదిమందిలో కలిస్తే పశువు అని మనవాళ్ళూ అంటారు, పోలీసులూ అంటారు. ఫ్రాన్సులో గుస్తావ్ లెబాన్ అనే ఆయన 1895లో దీన్నే పెద్ద సిద్ధాంతం చేశాడు. గుంపులో కలిసినవాడికి సొంత బుద్ధి పోతుంది, ఒకడి పిచ్చి ఇంకొకడికి అంటుకుంటుంది, చదువుకున్నవాడు కూడా ఆటవికుడైపోతాడు అని. పాలించేవాళ్ళకి ఇది భలే నచ్చింది. ఎందుకు నచ్చదు, జనానికి కోపం ఎందుకొచ్చిందో వెతికే పని తప్పిపోయింది కదా.

తర్వాత వచ్చినవాళ్ళు జనాన్ని దగ్గర్నుంచి చూస్తే సంగతి వేరుగా కనపడింది. 1980 ఏప్రిల్లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో, సెయింట్ పాల్స్ అనే పేటలో, పోలీసులు ఒక కాఫీ హోటల్ మీద దాడి చేశాక పెద్ద అల్లరి జరిగింది. స్టీవ్ రైకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాన్ని వివరంగా పరిశీలించాడు. రాళ్ళు పడింది ముఖ్యంగా పోలీసుల మీదా వాళ్ళ బండ్ల మీదా, ఆ పేటలో జనం ఉండే ఇళ్ళ మీద కాదు. అంత గొడవలోనూ అక్కడి వాళ్ళే నిలబడి ట్రాఫిక్ నడిపారు. పోలీసులు పేట దాటి వెళ్ళిపోయాక జనం వెంటపడలేదు. అంటే బుద్ధి ఎక్కడికీ పోలేదు. "నేను" అనుకునే మనిషి కాసేపు "మనం" అనుకుంటాడు, ఆ "మనం" ఏది చేయొచ్చంటే అది చేస్తాడు, ఏది చేయకూడదంటే ఆగుతాడు.

ఈ "మనం" ఎలా పెద్దదవుతుందో నేను కళ్ళారా చూశాను. ఒక మండల కేంద్రంలో, మే నెల ఎండలో, ధాన్యం డబ్బుల కోసం మూడొందలమంది దాకా కూర్చున్నాం. అందులో వెనకాల ఇరవైమంది కుర్రాళ్ళు ఊరికే అరుస్తున్నారు, బస్సు అద్దం మీద కొడుతున్నారు. పెద్ద రైతులంతా వాళ్ళని తిడుతున్నారు, "ఏరా మీకు పొలం ఉందా పుట్రా ఉందా, తిన్నగా కూర్చోండెహె" అని. అలా తిట్టినంతసేపు మాకు ఏ ఇబ్బందీ లేదు. ఈలోగా బయటి నుంచి బందోబస్తుకి వచ్చిన స్పెషల్ పార్టీ వాళ్ళు ఆ కుర్రాళ్ళని పట్టుకోబోయి, అడ్డంగా ఉన్న అందర్నీ తోసేశారు. డెబ్బై ఏళ్ళ పెద్దాయన కండువా పట్టుకుని లాగారు, ఆయన మోకాళ్ళ మీద పడ్డాడు. అర నిమిషం, అంతే. ఇందాక కుర్రాళ్ళని తిట్టినవాళ్ళే లేచి వాళ్ళ పక్కన నిలబడ్డారు. నాతో సహా. ఆ క్షణంలో బస్సు అద్దం కొట్టినవాడు మావాడైపోయాడు, పొద్దున నాతో టీ తాగిన కానిస్టేబులు పగవాడైపోయాడు.

మంచివాళ్ళనీ చెడ్డవాళ్ళనీ ఒకే గాటన కట్టి కొడితే అందరూ ఒకటైపోతారు. గుంపుల గొడవల మీద రైకర్, క్లిఫర్డ్ స్టాట్, జాన్ డ్రూరీ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి రాసినదాని సారం దాదాపు ఇదే. పోర్చుగల్‌లో 2004 యూరో ఫుట్‌బాల్ పోటీలకి ఈ లెక్కనే బందోబస్తు చేశారు. ఇంగ్లండు అభిమానులంటే అప్పటికి యూరప్ అంతా హడల్. మ్యాచ్‌లు జరిగిన నగరాల్లో పోలీసులు మామూలు యూనిఫాంలో ఇద్దరిద్దరుగా జనంలో తిరుగుతూ మాట్లాడారు. హెల్మెట్లూ డాళ్ళూ ఉన్న బలగాన్ని పక్క సందుల్లో కనపడకుండా పెట్టారు, అల్లరి చేసిన ఒక్కణ్ణే పట్టుకున్నారు. అక్కడ పెద్ద గొడవలేం జరగలేదు. అదే రోజుల్లో అల్బుఫెయిరా అనే బీచ్ ఊళ్ళో, ఇంకో పోలీసు దళం పాత పద్ధతిలో నడిపిన చోట, అల్లర్లు జరిగాయి. స్వీడన్ వాళ్ళు కూడా 2001లో గోథెన్‌బర్గ్‌లో పోలీసులు నిరసనకారుల మీద కాల్పులు జరిపేదాకా వచ్చాక, మాట్లాడటానికే ప్రత్యేకంగా పోలీసులని పెట్టుకున్నారు. మన దగ్గర అలాంటి విభాగం లేదు కాబట్టి ఆ పనిలో సగం మనమే చేసుకోవాలి. ఎలాగంటే,

పోలీసులతో మాట్లాడే మనిషిని ముందే వేరే పెట్టుకోండి. మైకులో మాట్లాడేవాడు ఇతను కాకూడదు. మైకు పట్టుకున్నవాడికి జనం చప్పట్లు వినపడుతుంటాయి, అప్పుడు సీఐ గారు వచ్చి చెవిలో ఏదైనా చెప్తే తగ్గడం నామోషీ అనిపిస్తుంది, తగ్గలేక పెంచుతాడు. మాట్లాడేవాడు నిదానస్తుడై ఉండాలి, ఊళ్ళో పెళ్ళి సంబంధాలు కుదిర్చే రకం అయితే మరీ మంచిది. మూడు రోజుల ముందే స్టేషన్‌కి వెళ్ళి ఎస్సై గారిని కలవాలి, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోవాలి. పోలీసుల దగ్గరికి వెళ్తే అమ్ముడుపోయాడంటారేమోనని కొందరికి భయం. అందుకే ఒక్కణ్ణే పంపొద్దు, ఇద్దర్ని పంపండి, వచ్చి ఏం మాట్లాడారో గ్రూపులో పెట్టమనండి.

కాగితం సంగతి. రాజ్యాంగం 19వ అధికరణ ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు ఇచ్చింది, సహేతుకమైన ఆంక్షలు పెట్టే అధికారం ప్రభుత్వానికీ ఇచ్చింది. మనకి రోజూ వినపడే "సెక్షన్ 30 అమల్లో ఉంది" అన్నది 1861 నాటి పోలీసు చట్టం. ఊరేగింపులనీ సభలనీ నియంత్రించడానికి అది. పాత 144 సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163 అయింది, 2024 జులై 1 నుంచి. పేపర్లవాళ్ళు ఇంకా 144 అనే రాస్తారు, కంగారు పడొద్దు. నియంత్రించడం వేరు, మొత్తం నిషేధించడం వేరు అని సుప్రీంకోర్టు 1972లోనే హిమ్మత్‌లాల్ షా కేసులో చెప్పింది. మన రాష్ట్రంలోనే చూడండి, 2022 డిసెంబర్ 28న కందుకూరులో 8 మంది, నాలుగు రోజులకి గుంటూరులో ముగ్గురు తొక్కిసలాటల్లో పోయాక, 2023 జనవరి 2న రోడ్ల మీద సభలు వద్దంటూ జీవో నంబర్ 1 వచ్చింది, మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. అలాగని రోడ్డు మనదే, ఎన్నాళ్ళైనా కూర్చుంటాం అంటే కుదరదు. ఢిల్లీలో షాహీన్‌బాగ్ రోడ్డు మీద ధర్నా కేసులో 2020లో సుప్రీంకోర్టు ఆ మాటా చెప్పింది.

కాబట్టి దరఖాస్తు పెట్టండి. తేదీ, ఏ టైము నుంచి ఏ టైము దాకా, చోటు, ఊరేగింపు అయితే దారి, జనం అంచనా, మైకు, బాధ్యుల పేర్లు, ఫోన్లు అన్నీ రాసి స్టేషన్‌లో ఒకటి, డీఎస్పీ ఆఫీసులో ఒకటి ఇవ్వండి. మీ కాపీ మీద ముద్ర వేయించుకోకుండా బయటికి రావొద్దు, చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. వద్దంటే కాగితం మీద రాసి ఇమ్మనండి, ఆ కాగితం ఉంటేనే హైకోర్టులో లంచ్ మోషన్ (అదే రోజు వినమనే అత్యవసర పిటిషన్) వేయగలరు. జనం అంచనా పెంచి రాయొద్దు, రెండొందలమంది వచ్చే చోట ఐదు వేలమంది అని రాస్తే ఐదు వేలమందికి సరిపడా బలగాన్ని దించుతారు, ఆ బలగాన్ని చూసి మనవాళ్ళకి బీపీ లేస్తుంది. కోర్టు షరతులు పెడితే అవి అక్షరాలా పాటించాలి. 2022 అక్టోబరులో అమరావతి రైతుల పాదయాత్ర మన రామచంద్రపురం దగ్గరే ఆగింది, హైకోర్టు అనుమతించిన 600 మంది గుర్తింపు కార్డులు చూపించాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

చోటు ఎంచుకోవడం. ఇది మన డెల్టాకి సంబంధించినంతవరకు అన్నిటికంటే ముఖ్యం, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. మన రోడ్లు ఎలా ఉంటాయి? ఒకపక్క కాలవ, ఒకపక్క చేను లేదా చెరువు, మధ్యలో గట్టు మీద రోడ్డు. జనం వెనక్కి జరగాలంటే ఎక్కడికి జరుగుతారు, నీళ్ళలోకి జరగాలి. వంతెన మీద, లాకుల దగ్గర, కాలవ గట్టు మీద ధర్నా పెట్టడమంటే మీ చేతుల్తో మీరు బోను కట్టుకోవడమే. రావులపాలెం వంతెన ఆపితే రాష్ట్రమంతా చూస్తుందని ఎవరో ఒకరు అంటారు, నిజమే చూస్తుంది, అంబులెన్సు ఆగినా చూస్తుంది. మూడు వైపుల నుంచి బయటికి పోగలిగే సెంటరు చూడండి. పోలీసులతో మాట్లాడేటప్పుడు కూడా ఇది గట్టిగా అడగాల్సిన విషయం, బారికేడ్లు ఎక్కడైనా పెట్టుకోండి, ఒకపక్క మాత్రం తెరిచి ఉంచండి అని. చుట్టూ మూసేసి చెదిరిపొమ్మంటే జనం ఎటు చెదిరిపోవాలి?

ఒక కొలత గుర్తుంచుకోండి. మంచం పట్టేంత జాగాలో ఏడెనిమిదిమంది నిలబడితే ఇంక చాలు, పదిమంది దాటితే ప్రమాదం. లెక్కలో చెప్పాలంటే చదరపు మీటరుకి నలుగురైదుగురు దాకా పర్వాలేదు, ఆరేడుగురైతే జనం నీళ్ళలా ఊగడం మొదలవుతుంది. మీ కాలు మీరు ఎత్తకుండానే మీరు కదులుతుంటారు, అప్పటికే ఆలస్యమైనట్టు. 2015 జులై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో 27 మంది పోయింది మనకి తెలుసు. భక్తికి వచ్చినవాళ్ళు వాళ్ళు, ఎవరి మీదా కోపం లేదు, రాళ్ళు లేవు. ఇరుకు ఒక్కటే ఉంది. ఇంగ్లండులో 1989లో హిల్స్‌బరో స్టేడియంలో ఇలాగే నలిగి 97 మంది పోతే ముందు తప్పంతా తాగిన అభిమానులదే అన్నారు, 2016లో గానీ జ్యూరీ వాళ్ళ తప్పేం లేదని తేల్చలేదు. పిచ్చి జనం అన్న మాట ఎవరికి పనికొస్తుందో దీన్నిబట్టి చూసుకోండి. గుంపు బిగుసుకుంటోందనిపిస్తే మైకులో ముందువాళ్ళకి కాదు, వెనకవాళ్ళకి చెప్పాలి. ముందున్నవాడు ఆగలేడు, వెనకున్నవాడు ఆగగలడు.

వాలంటీర్లు కావాలి. సచివాలయం వాలంటీర్లు కాదండోయ్, మనవాళ్ళే. ముప్ఫైమందికి ఒకరు చొప్పున పెట్టుకుని చేతికి ఒకే రంగు గుడ్డ కట్టండి. ఒక్కో ఊరి నుంచి వచ్చినవాళ్ళకి ఆ ఊరి మనిషే వాలంటీరు అయితే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే "బాబాయ్ ఆ రాయి కింద పెట్టు" అని వరసపెట్టి పిలిచేవాడి మాట వింటారు గానీ ముక్కూ మొహం తెలియనివాడి మాట ఎవడు వింటాడు. ఇందాక చెప్పిన ధర్నాలో, పెద్దాయన పడ్డాక, అందరం మీదికి వెళ్ళబోతుంటే ఆపింది ఎవరనుకున్నారు, నాయకులు కాదు, డ్వాక్రా గ్రూపులో ఉండే ఒక పిన్ని. రోడ్డుకి అడ్డంగా బైఠాయించి "నేను కూర్చున్నా, నన్ను తొక్కుకుని వెళ్ళండ్రా" అంది. ఇంకో పదిమంది ఆడవాళ్ళు పక్కన కూర్చున్నారు. కూర్చున్నవాళ్ళని దాటి రాయి వేయడం మనవల్ల కాదు, కూర్చున్నవాళ్ళ మీద లాఠీ ఎత్తడం పోలీసులకీ కష్టమే. అప్పటి నుంచి నా సూత్రం ఒకటే, టెన్షన్ పెరిగిందంటే మైకులో "కూర్చోండి" అనే ఒక్క మాటే చెప్పాలి. పరిగెత్తొద్దు, అరవొద్దు, తగ్గండి అని పది చెప్తే ఒక్కటీ చెవికెక్కదు.

పుకార్లు. పోయిన మనిషి వార్త, దెబ్బలు తగిలిన మనిషి వార్త, ఆడవాళ్ళని కొట్టారన్న వార్త, ఈ మూడూ జనాన్ని నిమిషంలో మార్చేస్తాయి. యానాంలో 2012 జనవరి 27న టైల్స్ ఫ్యాక్టరీ కార్మికుల ఆందోళనలో యూనియన్ నాయకుడు పోలీసుల లాఠీచార్జి తర్వాత చనిపోయాడు, ఆ కోపంలో కార్మికులు కంపెనీ పెద్ద మీద దాడి చేస్తే ఆయనా చనిపోయాడు, ఫ్యాక్టరీ తగలబడింది. అక్కడ వార్త నిజం. చాలాసార్లు అబద్ధం వస్తుంది, అదీ పాత వీడియోతో. కాబట్టి ఫోన్ చూసుకునే పని ఒకరికే అప్పగించండి, ఏదైనా వస్తే ఆసుపత్రికో స్టేషన్‌కో ఫోన్ చేసి కనుక్కుని మైకులో అతనే చెప్పాలి. నిజమైతే దాచొద్దు. దాచారని తెలిస్తే ఆ తర్వాత మీరు ఏం చెప్పినా నమ్మరు. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు విషయంలో జరిగింది తలుచుకుంటే, ఎవరిది ఒప్పో ఎవరిది తప్పో పక్కన పెడితే, మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబడ్డాక కోనసీమలో ఇంటర్నెట్ రోజుల తరబడి ఆగిపోయింది. నెట్ లేకపోతే పుకారు ఆగదు, దాన్ని కాదని చెప్పే దారి ఆగుతుంది.

పోలీసులు హెచ్చరిక చదివితే? ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న గుంపుని చెదిరిపొమ్మని ఆదేశించే అధికారం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకీ, ఎస్సై స్థాయికి తగ్గని పోలీసు అధికారికీ ఉంది. ఆదేశించాక కదలకపోతేనే బలం వాడాలి. నిద్రపోతున్న జనం మీదికి అర్ధరాత్రి వెళ్ళడాన్ని రామ్‌లీలా మైదానం కేసులో సుప్రీంకోర్టు 2012లో తప్పుపట్టింది. కానీ రోడ్డు మీద చట్టం చదివి వినిపించే టైము ఉండదు కదా. హెచ్చరిక రాగానే మన మాట్లాడే మనిషి వెళ్ళి పది నిమిషాలు అడగాలి, ఆ పది నిమిషాల్లో ముసలివాళ్ళనీ పిల్లల్నీ పక్కకి పంపేయాలి. మిగిలినవాళ్ళు అరెస్టవుదామనుకుంటే కూర్చునే అరెస్టవండి, వ్యాను ఎక్కేటప్పుడు పెనుగులాట వద్దు. ఎక్కినవాళ్ళ పేర్లు బయట ఒకరు రాసుకోవాలి. సూర్యాస్తమయం దాటాక ఆడవాళ్ళని మామూలుగా అరెస్టు చేయకూడదు, ఎవర్నైనా 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఒక వకీలు ఫోన్ నంబరు చేతి మీద పెన్నుతో రాసుకోండి, సెల్ లాక్కుంటే నంబరు ఎవరికీ గుర్తుండదు. బాష్పవాయువు వదిలితే కళ్ళు నలపొద్దు, గాలికి ఎదురుగా నడవండి, నీళ్ళతో కడుక్కోండి. రైలు పట్టాల జోలికి మాత్రం అస్సలు వద్దు. రైల్వే చట్టం 174 కింద రెండేళ్ళ దాకా జైలు, పైగా 2016 జనవరి 31న తునిలో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తగలబడ్డాక ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ ఎంతమంది తిరిగారో అటువైపు వాళ్ళని అడగండి.

ఇది పోలీసు మిత్రులు కూడా చదువుతుంటే ఒక్క మాట. మీలో సగంమంది రైతుల పిల్లలే, బందోబస్తు డ్యూటీలో పొద్దున్నుంచి తిండి లేకుండా నిలబడతారు, అది మాకూ తెలుసు. రాయి వేసిన ఒక్కణ్ణి పట్టుకెళ్తే మేం అడ్డం రాం. పక్కవాణ్ణి కూడా కొడితే అప్పుడు వస్తాం.

జనమే లేకుండా నిరసన చేయొచ్చని కూడా మన కోనసీమే చూపించింది. 2011 సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, రైతులు నాట్లు వేయకుండా పొలాలు వదిలేశారు, క్రాప్ హాలిడే అని. దేశమంతా ఇటు చూసింది, ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ వచ్చింది. లాఠీ ఎవరి మీద ఎత్తుతారు, ఖాళీ చేను మీదా? అందరికీ కుదిరే దారి కాదు లెండి, పంట మానేస్తే కౌలు రైతు ఏం తినాలి.

చివరగా ముగింపు టైము. ఒంటిగంటకి అన్నారంటే ఒంటిగంటకే లేవాలి, అధికారి వచ్చినా రాకపోయినా. రాకపోతే వినతిపత్రం గోడకి అంటించి ఫొటో తీసి లేవండి. "ఆయన వచ్చేదాకా కదిలేది లేదు" అన్న మాట మైకులో అన్నారంటే ఇక ముగింపు మీ చేతిలో ఉండదు. మధ్యాహ్నం దాటాక ఎండకీ ఆకలికీ నిదానస్తులు ఇళ్ళకి పోతారు, మిగిలేది ఎవరో మీకు తెలుసు. లేచాక దూరం ఊళ్ళవాళ్ళ ఆటోలు ముందు కదలనివ్వండి, వాలంటీర్లు ఆఖర్న వెళ్ళాలి. వాటర్ ప్యాకెట్లు ఏరి, అందరూ వెళ్ళిపోయారని ఎస్సై గారికి ఫోన్ చేయండి, మళ్ళీ నెలలో అనుమతికి వెళ్ళేది ఆయన దగ్గరికే కదా. షామియానా వాడికి డబ్బులు ఆ సాయంత్రమే ఇచ్చేయండి. మావాడికి పోయిన సార్వా నాటి బాకీ ఇంకా ఉంది, అందుకే మొన్న ఎండలో కూర్చున్నాం.